అఫెక్ట్, ఎఫెక్ట్ ఒకే అరలో వద్దు: ఒక స్టాఫ్ నర్సు ఓఈటీ రైటింగ్ కేస్ స్టడీ

ఈ కేసులో అభ్యర్థి హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి న్యూరో వార్డులో స్టాఫ్ నర్సు. ఖమ్మం వైపు పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలని ఓఈటీ రాశారు. పేరు రాయను. వార్డులో అందరూ పిలిచినట్టే సిస్టర్ అంటాను. నేను నర్సులకు ఓఈటీ, ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ నేర్పుతాను.

ఓఈటీ అంటే ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్, ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష. ఒక్కో భాగానికి 500 స్కోరు. బ్రిటన్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున, రైటింగ్‌లో 300 అడుగుతుంది. సిస్టర్‌కు మొదటి మూడూ వచ్చాయి. రైటింగ్ దగ్గర ఆగిపోయారు. ఆ భాగంలో ఒక పేషెంట్ కేస్ నోట్స్ ఇస్తారు. చదువుకోవడానికి 5 నిమిషాలు, రాయడానికి 40 నిమిషాలు. ఆ పేషెంట్‌ను తర్వాత చూడబోయే మనిషికి, అంటే జీపీ అనే ఫ్యామిలీ డాక్టరుకో, కమ్యూనిటీ నర్సుకో, థెరపిస్టుకో, 180 నుంచి 200 మాటల్లో లెటర్ రాయాలి. రిజల్టులో నంబరు వస్తుంది, ఏ తప్పుకు ఎంత పోయిందో రాదు. అందుకే ఫెయిలైనవాళ్లంతా "నా గ్రామర్ వీక్ సార్" అనే వస్తారు. సిస్టర్ కూడా అదే మాటతో వచ్చారు.

పాత ప్రాక్టీస్ లెటర్లన్నీ తెమ్మన్నాను. చదివితే గ్రామర్ అంత అధ్వాన్నంగా ఏమీ లేదు. ఏది రాయాలి, ఏది వదిలేయాలి అన్న తీర్పు అయితే చాలా బాగుంది. రోజూ డ్యూటీ హ్యాండోవర్ ఇచ్చే మనిషికి అది ఎవరూ నేర్పక్కర్లేదు. దెబ్బ తగులుతున్నది మాటల దగ్గర, అదీ ఒకేలా కనిపించే మాటల దగ్గర. కొన్ని వాక్యాలు ఆమె రాసినట్టే ఇస్తున్నాను:

"పేషెంట్ ఈజ్ కంప్లెయింట్ విత్ హిజ్ మెడికేషన్స్." కంప్లయంట్ అనాలి. మందులు చెప్పినట్టే వాడుతున్నారని చెప్పబోయి ఫిర్యాదును తెచ్చిపెట్టారు.

"హీ వండర్స్ ఎట్ నైట్." డిమెన్షియా ఉన్న పెద్దాయన రాత్రిళ్లు లేచి తిరుగుతున్నాడు, అంటే వాండర్స్. లెటర్‌లో మాత్రం రాత్రంతా ఆశ్చర్యపోతున్నాడు.

"షీ ఫెల్ట్ ఇన్ ద బాత్‌రూమ్." పడిపోయింది, అంటే ఫెల్. ఫెల్ట్ అంటే అనిపించింది. బాత్‌రూములో ఏమనిపించిందో తర్వాత లేదు.

"హర్ హజ్బెండ్ ఈజ్ డిసీజ్‌డ్." భర్త చనిపోయారు, డిసీస్డ్. ఆమె రాసినదానికి భర్తకు జబ్బు అని అర్థం. ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరూ లేరని చెప్పడానికే ఆ వాక్యం ఉంది. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఇంకో రోగి తయారయ్యాడు.

వీటిలో ఒక్కదాన్నీ కంప్యూటర్ స్పెల్ చెక్ పట్టుకోదు. అన్నీ డిక్షనరీలో ఉన్న మాటలే.

ఇలాంటి జంటలకు ఇజ్రాయెల్ భాషాశాస్త్రవేత్త బాటియా లౌఫర్ 1980లలో సిన్‌ఫార్మ్‌లు అని పేరు పెట్టారు. పేరు మనకు అంత ముఖ్యం కాదు. ఇవన్నీ ఒకే జబ్బు కాదన్నది ముఖ్యం. సిస్టర్ లెటర్లలో అయితే పైకి ఒకేలా కనిపిస్తున్నా మూడు వేర్వేరు కారణాలు దొరికాయి.

మొదటి కారణం మన నోరు. లూజు అనే మాట తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. చొక్కా లూజు, బోల్టు లూజు, లూజు మోషన్స్. ఇంగ్లిష్‌లో ఆ మాట చివర స్ అనే శబ్దం ఉంది, లూస్. రాసేటప్పుడు రెండు ఓలు. చివర జ్ పలికేది వేరే మాట, కోల్పోవడం అనే లూజ్. దానికి ఒకటే ఓ. మనం పలికేది ఒకదాని శబ్దం, మనసులో ఉన్నది ఇంకోదాని అర్థం. ఇక చెయ్యి ఏది రాస్తే అది. సిస్టర్ బరువు తగ్గిన ప్రతి పేషెంట్‌కూ రెండు ఓలు పెట్టారు. డిసీజ్, డిసీస్ గొడవ కూడా ఈ స్, జ్ దగ్గరిదే. కంప్లయంట్ సంగతీ ఇంతే. తెలుగులో ఫిర్యాదు కంప్లైంట్ అయిపోయి కూర్చుంది. ఆ చెవితో వింటే కంప్లయంట్ కొత్త మాటలా అనిపించదు, పాత మాటే ఎవరో కాస్త వేరుగా పలికినట్టు ఉంటుంది. పైగా స్పెల్లింగ్‌లో తేడా అల్లా ఏ, ఐ చోట్లు మారడమే.

ఇవి చదువు తక్కువై వచ్చే తప్పులు కావు. ఇంగ్లిష్ మాటలు తెలుగులో ఎక్కువగా వాడేవాళ్లకే ఎక్కువ వస్తాయి. డైరీ చూడండి. రోజూ రాసుకునే పుస్తకమూ, పాల కేంద్రమూ చాలామంది నోట ఒకటే. లెటర్‌లో డైటీషియన్‌కు "ఫుడ్ డైరీ రాయమని చెప్పాం" అనే వాక్యం, పాలపదార్థాలు పడవు అనే వాక్యం పక్కపక్కనే వస్తాయి. సిస్టర్ రెండింటికీ పాల స్పెల్లింగే పెట్టారు.

రెండో కారణం తెలియడానికి కాస్త టైం పట్టింది. ఆమె లెటర్లను తేదీల వరసలో పెట్టి చూశాను. ముందటి లెటర్లలో ఎఫెక్ట్ ఎక్కడా తప్పు లేదు. సైడ్ ఎఫెక్ట్స్ అని ప్రతిచోటా సరిగ్గా ఉంది. ఉన్నట్టుండి ఒక తేదీ నుంచి సైడ్ అఫెక్ట్స్ మొదలైంది. అప్పుడు ఏం చదివారని అడిగితే, ఎవరో ఫార్వర్డ్ చేసిన "తికమక పెట్టే మాటలు" పీడీఎఫ్ అన్నారు. ఎడమ వైపు ఒక మాట, కుడి వైపు దాని జంట, పక్కన అర్థాలు. రెండు రాత్రులు కూర్చుని బట్టీ పట్టారట.

"సార్, రెండూ కలిపి చదివితే రెండూ పోతున్నాయి. ఇదివరకు ఏది కరెక్టో ఆలోచించేదాన్నే కాదు, రాసేసేదాన్ని."

ఈ మాటతో కేసు సగం తేలిపోయింది. పదజాలం నేర్పడం మీద పేరున్న పాల్ నేషన్ లాంటివాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నది ఇదే. బాగా దగ్గరి మాటల్ని ఒకే పూట నేర్పితే ఒకదానికొకటి అడ్డం పడతాయి. అయినా మన కోచింగ్ మెటీరియల్ అంతా జంటల జాబితాలే. చూడటానికి చక్కగా ఉంటాయి, ప్రింట్ చేయడం సులువు, కొన్నవాడికి డబ్బు గిట్టుబాటు అయినట్టూ ఉంటుంది.

అఫెక్ట్, ఎఫెక్ట్ దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. అర్థం తెలుగులో చెప్పుకుందామంటే రెండు చోట్లా ప్రభావమే వస్తుంది. ఒకటి ప్రభావం, ఇంకోటి ప్రభావం చూపడం. అందుకే పుస్తకాలు "అఫెక్ట్ క్రియ, ఎఫెక్ట్ నామవాచకం" అని సూత్రం ఇస్తాయి. మామూలు వాళ్లకు అది సరిపోతుంది. నర్సుకు సరిపోదు. మానసిక వైద్యం కేస్ నోట్స్‌లో ఫ్లాట్ అఫెక్ట్, బ్లంటెడ్ అఫెక్ట్ అని ఉంటుంది. పేషెంట్ ముఖంలో భావాలు పలకడం లేదని దాని అర్థం. అక్కడ అఫెక్ట్ నామవాచకమే. పలికేటప్పుడు ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది. సిస్టర్ ఒక కేసులో నోట్స్‌లో సరిగ్గా ఉన్న ఈ మాటను సూత్రం గుర్తొచ్చి దిద్దేశారు, ఫ్లాట్ ఎఫెక్ట్ అని. కళ్ల ముందు సరైన స్పెల్లింగ్ పెట్టుకుని మరీ తప్పు రాశారు.

మూడోది వైద్యం మాటలే. స్ట్రోక్ పేషెంట్ లెటర్‌లో డిస్‌ఫేజియా రావాల్సిన చోట డిస్‌ఫేసియా స్పెల్లింగ్ పెట్టారు. మొదటిది మింగడం కష్టం కావడం, రెండోది మాట రావడంలో ఇబ్బంది. తేడా ఒక్క అక్షరం, జీ బదులు ఎస్. స్ట్రోక్ తర్వాత రెండూ మామూలే, ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. దీన్ని చదివే మనిషి సంగతి చూడండి. బ్రిటన్‌లో మింగే సమస్యనూ, మాట సమస్యనూ చూసేది ఒకే వృత్తివాళ్లు, స్పీచ్ అండ్ లాంగ్వేజ్ థెరపిస్టులు. లెటర్ ఎవరికి వెళుతోందన్న దాన్ని బట్టి కూడా తప్పు బయటపడదు. మాట సమస్యే కదా, కాస్త ఆగొచ్చు అనుకుంటే, అవతల ఆ పేషెంట్‌కు పల్చటి టీ ఇస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇప్పుడు అక్కడ డిస్‌ఫేసియా బదులు అఫేసియా అనే మాటే ఎక్కువగా వాడటానికి ఈ గందరగోళం ఒక కారణం.

ఇక ఏం చేశాం అన్నది.

మందు మాకు ఆమె వార్డులోనే దొరికింది. ఆసుపత్రుల నాణ్యత చూసే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్నచోట్ల నర్సింగ్ స్టేషన్ దగ్గర లాసా లిస్టు అంటించి ఉంటుంది. చూడటానికి, వినడానికి ఒకేలా ఉండే మందుల జాబితా అది. బీపీకి ఇచ్చే హైడ్రాలజైన్, దురదకు ఇచ్చే హైడ్రాక్సిజైన్ దానిలో పాత కాపులు. ఈ మందులతో ఏం చేయాలో ఏ నర్సునైనా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పక్కపక్కన పెట్టకూడదు. పేరులో తేడా ఉన్న ముక్కను పెద్ద అక్షరాల్లో రాయాలి. ఫోన్‌లో ఆర్డర్ తీసుకుంటే తిరిగి చదివి వినిపించాలి. ఆ పెద్ద అక్షరాల పద్ధతిని టాల్ మ్యాన్ లెటరింగ్ అంటారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2001లో దీనికోసం ఒక ప్రాజెక్టే నడిపింది.

ఇంగ్లిష్ మాటలకు కూడా అదే చేద్దాం అన్నాను. సిస్టర్ నవ్వి, "మందులైతే అరలు మార్చొచ్చు సార్, మాటలకు అరలెక్కడివి?" అన్నారు.

అరలంటే వాక్యాలే. మాటను విడిగా నేర్చుకోవడం ఆపేశాం. ఏ మాట అయినా అది నిత్యం ఉండే గుంపుతో కలిపే రాయాలి. లూస్ అనే మాటకు ఒకటే అర, లూస్ స్టూల్స్. మన లూజు మోషన్స్ అదే కాబట్టి ఎటూ పోదు, రెండు ఓలు అక్కడ ఉంటాయి. లూజ్ అనే మాటకు అర లూజ్ వెయిట్. ఎఫెక్ట్‌కు సైడ్ ఎఫెక్ట్స్, అంతే, ఎందుకంటే ఆ అర ఆమెకు ఎప్పటినుంచో ఉంది, పీడీఎఫ్ వచ్చి చెడగొట్టిందంతే. పీడీఎఫ్‌ను ఫోన్‌లోంచి తీసేయించాను. ఎఫెక్ట్ మళ్లీ తడబాటు లేకుండా వస్తోందని తేలేదాకా క్లాసులో అఫెక్ట్ ఊసెత్తలేదు. తర్వాత చాలా రోజులకు అది వేరే అరలో వచ్చింది, "హిజ్ మొబిలిటీ ఈజ్ అఫెక్టెడ్" అని. జంటగా ఎప్పుడూ రాయించలేదు. పోల్చి చూపే వర్క్‌షీట్ ఇవ్వలేదు. ఇది చాలామంది టీచర్లకు నచ్చదు, తేడా చెప్పకుండా తేడా ఎలా తెలుస్తుంది అంటారు. నా అనుభవంలో తేడా చెప్పాల్సింది రెండూ విడివిడిగా స్థిరపడ్డాక. అప్పటికి చాలాసార్లు చెప్పే అవసరమే ఉండదు.

వైద్యం మాటలకు ఇంకా సులువైన దారి ఉంది, ఎందుకంటే వాటి ముక్కలు ఆమెకు అనాటమీలో ముందే తెలుసు. ఈసోఫేగస్ స్పెల్లింగ్ రాయమన్నాను. తప్పు లేకుండా రాశారు. ఆ ఫేగ్ అనే ముక్క గ్రీకులో తినడానికి సంబంధించింది, దానిలో జీ ఉంది. డిస్‌ఫేజియాలో ఉన్నదీ అదే ముక్క. అన్నవాహిక గుర్తొస్తే జీ గుర్తొస్తుంది. ఇలియం కూడా ఇలాంటిదే. తెలుగులో రాస్తే ఒకటే, ఇంగ్లిష్‌లో రెండు. మధ్యలో ఈ ఉంటే చిన్న పేగు చివరి భాగం, ఐ ఉంటే తుంటి ఎముక. హిప్‌లో ఐ ఉంది, అంతకు మించి ఏ గుర్తూ అక్కర్లేదు.

పెద్ద అక్షరాల పద్ధతి కొన్నిటికే వాడాం. వాండర్‌లో ఏ, కంప్లయంట్‌లో ఐ తర్వాత వచ్చే ఏ, డిసీస్డ్‌లో సీ. సిస్టర్ నోట్సులో ఆ అక్షరం ఒక్కటీ మిగతావాటికన్నా రెండింతలు ఉండేది. అన్ని మాటలకూ ఇలా చేస్తే కంటికి అలవాటైపోయి ఏదీ ఆనదు. మందుల లిస్టులోనూ అదే గొడవ, అన్నీ లాసా అయితే ఏదీ లాసా కాదు.

తిరిగి చదవడం అనే మూడో పని పరీక్ష హాలుకు. లెటర్ అయ్యాక చివరి ఐదు నిమిషాల్లో మొత్తం దిద్దాలని చూస్తే ఏదీ పూర్తికాదు. అందుకని ఒకటే ప్రశ్న ఇచ్చాను: ఈ మాట బదులు దాని జంట పెడితే వాక్యం అప్పటికీ అర్థవంతంగానే ఉంటుందా? స్టేషనరీ సైకిల్ అన్నచోట కాగితాల దుకాణం స్పెల్లింగ్ పడితే, చదివేవాళ్లు స్పెల్లింగ్ తప్పు అనుకుని ముందుకు పోతారు. హీల్ మీద పుండు అన్నచోట మానడం అనే స్పెల్లింగ్ పడ్డా మడమే అని తెలిసిపోతుంది. మార్కు పోవచ్చు, పేషెంట్‌కు ఏమీ కాదు. హైపో బదులు హైపర్ పడితే మాత్రం వాక్యం నిక్షేపంగా ఉంటుంది, షుగర్ పడిపోయిన మనిషి షుగర్ పెరిగిన మనిషి అవుతాడు. డిస్‌ఫేజియా, డిసీస్డ్, వాండర్ ఈ కోవకే వస్తాయి. ఆ ఐదు నిమిషాలూ వీటికే. మిగతావి వదిలేయమన్నాను.

వదిలేయడం ఆమెకు చాలా కష్టమైంది. ప్రిన్సిపల్ అనే మాటలో చివర ఏఎల్ వస్తుందా, ఎల్ఈ వస్తుందా అని క్లాసు క్లాసుకూ అడిగేవారు. నర్సు రాసే డిశ్చార్జ్ లెటర్‌లో ఆ మాటతో పనేమిటి అంటే, స్కూల్లో ఆ మాటకు దెబ్బలు తిన్నాను సార్ అన్నారు. దానికి నా దగ్గర మందు లేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది మాత్రం పైవేవీ కావు. అనుమానం వచ్చిన మాటను పక్కనపెట్టి, విషయాన్ని మామూలుగా చెప్పేయడం. కంప్లయంట్ దగ్గర చెయ్యి ఆగితే "టేక్స్ హిజ్ మెడికేషన్స్ యాజ్ ప్రిస్క్రైబ్‌డ్" అని రాయొచ్చు. డిస్‌ఫేజియా బదులు "మింగడానికి ఇబ్బంది పడుతున్నారు" అని ఇంగ్లిష్‌లో నాలుగు మాటల్లో చెప్పొచ్చు. లెటర్ కేర్ హోమ్ మేనేజరుకో, సోషల్ వర్కరుకో వెళుతుంటే అసలు అలా రాయడమే సరైన పద్ధతి. చదివేవాళ్లకు తగిన మాట వాడారా లేదా అన్నది ఓఈటీ కొలిచే అంశాల్లో ఒకటి. మన పిల్లలకు ఇది ఎక్కదు, పెద్ద మాట వాడితేనే మార్కులు అనే నమ్మకం ఇంటర్ నుంచే పాతుకుపోయి ఉంటుంది. సిస్టర్‌కు ఎక్కడానికి కారణం కూడా వార్డే. పేషెంట్ అటెండరుతో ఆమె డిస్‌ఫేజియా అని ఎప్పుడూ అనరు, "అమ్మకు గుటక పడట్లేదు, నీళ్లు పట్టకండి" అంటారు. లెటర్‌లోనూ అదే పని అని చెప్పాక వాక్యాలు చిన్నవయ్యాయి. వాటితో పాటు గ్రామర్ కూడా కొంత బాగుపడింది, ఆ పని మేం విడిగా పెట్టుకోలేదు.

కుదరనివీ ఉన్నాయి. ఊపిరి అనే నామవాచకం బ్రెత్, ఊపిరి తీయడం అనే క్రియ బ్రీద్, చివరి ఈ ఎప్పుడు రావాలో ఆఖరిదాకా పట్టుబడలేదు. "షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్" అనే ఒక్క అర ఇచ్చి, క్రియ కావాల్సిన చోట రెస్పిరేటరీ రేటు అంకె రాయమన్నాను. అడ్వైస్, అడ్వైజ్ దగ్గర సీ, ఎస్ తేడా లెటర్లలో కుదిరింది, నోట మాత్రం రెండూ ఇప్పటికీ ఒకటే. స్పీకింగ్ ఎలాగూ పాసయ్యారు కాబట్టి దాని జోలికి పోలేదు. ఫెల్, ఫెల్ట్ తడబాటు అలసిపోయిన రోజుల్లో, నైట్ డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చినప్పుడు, మళ్లీ కనిపించేది.

రైటింగ్‌లో 300 దాటింది. ఇదంతా లాసా పద్ధతి వల్లే అని చెప్పలేను. ఈ మధ్యలో ఆమె లెటర్లు చాలా రాశారు, కేస్ నోట్స్ చదివే వేగమూ పెరిగింది. అయితే చివరి ప్రాక్టీస్ లెటర్లలో అర్థం తిరగబడే మాట ఒక్కటీ కనిపించలేదు. ఇలాంటి తప్పులు ఎక్కువగా ఉన్న ఇంకొందరితో కూడా ఇదే చేస్తున్నాను. ల్యాబ్ టెక్నీషియన్లకు, ఫార్మసిస్టులకు అరలు మారతాయి కాబట్టి వాళ్ల చేత వాళ్ల రికార్డుల్లోంచే మాటలు తీయిస్తున్నాను. పీడీఎఫ్ ఎవరికీ ఇవ్వడం లేదు.

వీసా కాగితాలు నింపేటప్పుడు సిస్టర్ ఫోన్ చేశారు. భర్త, పాప పేర్లు రాయాలి. "సార్, డిపెండెంట్ చివర ఏఎన్‌టీనా, ఈఎన్‌టీనా? ఇక్కడ మా ఆయన ఒకటంటున్నారు, ఏజెంట్ ఒకటంటున్నాడు." బ్రిటన్ పద్ధతిలో ఒకరి మీద ఆధారపడిన మనిషి అయితే ఏ, ఆధారపడిన అనే విశేషణం అయితే ఈ. అమెరికా వాళ్లు రెండింటికీ ఈ పెడతారు, అందుకే ఏజెంట్ అలా అంటున్నాడు. ఇదంతా ఫోన్‌లో చెప్పలేదు. మీ ఫారంలో ఏ అని చెప్పాను. సరే సార్ అని పెట్టేశారు.